కుర్చీ గుడ్డ కోసం ఇంత గొడవా?

మా నాన్నగారి పంచె వెనకాల నల్లటి పొట్టు అంటుకుని ఉండటం మొదట చూసింది మా అమ్మ. మసి అనుకుంది. రెండోరోజు బనీనుకీ అదే. మూడోరోజు నేను నేలమీద కూర్చుని టార్చిలైటు వేసి వెతికితే దొంగ దొరికాడు. 2019లో ఎంతో ముచ్చటపడి కొన్న రిక్లైనర్ కుర్చీ. పైన వేసిన నల్ల లెదరెట్ పాము కుబుసం విడిచినట్టు పెచ్చులు పెచ్చులుగా ఊడి వస్తోంది. కొన్నప్పుడు షోరూమువాడు "లెదర్ కన్నా ఎక్కువ కాలం వస్తుంది సార్" అన్నాడు. వాడు చెప్పింది ఏ జంతువు లెదరు గురించో నేను అడగలేదు, తప్పు నాదే.

కుర్చీ లోపలి ఇనప మెకానిజం గుండ్రాయిలా ఉంది. పారేయబుద్ధి కాలేదు. సోఫాలు రిపేరు చేసే భాయ్‌ని పిలిస్తే, చేతిలో నాలుగు శాంపిల్ పుస్తకాలతో వచ్చాడు. ఒక్కో పుస్తకం మా ఇంజనీరింగు ఫిజిక్సు పుస్తకమంత లావు. సింగిల్ సీటుకి 54 అంగుళాల పన్నా గుడ్డ అయిదారు మీటర్లు పడుతుందన్నాడు. "వెల్వెట్ వేస్కోండి సార్, మస్తుంటది, ఇప్పుడు అందరు అదే వేస్కుంటున్నరు" అన్నాడు. మా ఆవిడ లినెన్ అంది. అమ్మ మాత్రం మళ్ళీ లెదరెట్టే అంది. ఎందుకో చెప్పలేదు. నాన్నగారు పేపరు మడతపెట్టి "నాదేముంది, మీ ఇష్టం" అన్నారు. మా ఇంట్లో ఈ మాటకి అర్థం "నాకో ఇష్టం ఉంది, కానీ చెప్పను" అని.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, ఎంచుకోవాల్సినవి మూడు దాటితే స్ప్రెడ్‌షీట్ తెరుస్తా. కాలమ్స్ పెట్టుకుంటూ, అసలు ఈ గుడ్డలన్నీ కుర్చీ మీదకి ఎప్పుడెక్కాయా అని చదవడం మొదలెట్టా. రెండు వారాలు గడిచాయి. కుర్చీ అలాగే ఉంది, స్ప్రెడ్‌షీట్ అలాగే ఉంది, నా దగ్గర మాత్రం ఒక కథ తయారైంది. అదే ఈ టపా. ఒక్క ముక్కలో చెప్పాలంటే, కుర్చీకి ఏ గుడ్డ వెయ్యాలన్నది కూర్చునేవాడు ఒక్కడే తేల్చుకున్న సందర్భాలు చరిత్రలో చాలా తక్కువ. రాజులూ, పార్లమెంట్లూ, నేతగాళ్ళూ, కెమిస్టులూ, చివరికి సిగరెట్లూ... అందరూ తలో చెయ్యీ వేశారు.

ఒక రాజుగారి కాళ్ళ నొప్పులు

వెనక్కి వాలే కుర్చీ సోమరిపోతుల కోసం పుట్టిందని మనందరి అనుమానం. కాదు, రోగి కోసం పుట్టింది. స్పెయిన్ రాజు రెండో ఫిలిప్‌కి గౌట్ వ్యాధి. కీళ్ళు వాచి కదల్లేని స్థితి. సగం ప్రపంచాన్ని ఏలుతున్న మనిషి, కాలు కింద పెట్టలేడు. ఆయన కొలువులో ఉండే జెహాన్ లెర్మిట్ అనే ఆయన 1590లలో ఆ రాజు వాడిన కుర్చీ గురించి రాసి, బొమ్మ కూడా గీసిపెట్టాడు. వీపు వెనక్కి వాలుతుంది, కాళ్ళకింద పలక పైకి లేస్తుంది, మధ్యలో గుర్రపు వెంట్రుకలు కూరిన పరుపు. ఈనాటి రిక్లైనర్ స్పెసిఫికేషన్ మొత్తం అందులో ఉంది, ఒక్క కప్పు హోల్డరు తప్ప. ఫిలిప్ 1598లో పోయాడు. చివరి రోజుల్లో మంచం దిగలేక, సొంత శరీరమే చెప్పిన మాట వినక నానా యాతన పడ్డాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తా దీని దగ్గరికి.

ఆ తర్వాత 1670లలో లండన్ పక్కన హామ్ హౌస్ అనే భవనంలో ఒక జత "నిద్ర కుర్చీలు" పెట్టారు. ఇనప పళ్ళచక్రంతో వీపు వాలుతుంది. పైన జరీ పట్టు. పట్టు మీద జరీ ఉంటే కూర్చోగానే గుచ్చుకుంటుంది, మన పెళ్ళిపీటల మీద పట్టుపంచె కట్టుకున్న ప్రతివాడికీ తెలుసు. కానీ ఆ గుడ్డ పని కూర్చునేవాడికి సుఖం ఇవ్వడం కాదు, చూసేవాడికి కళ్ళు తిరిగేలా చెయ్యడం. ఆ రోజుల్లో కుర్చీ కొయ్య కన్నా పైనున్న గుడ్డ ఖరీదే ఎక్కువ ఉండేది.

పేము కుర్చీ మీద ఫిర్యాదు

సరే, పట్టు గొప్పవాళ్ళకి. మామూలు ఆసాముల ఇంట్లో? ఇంగ్లండులో ఉన్ని. ఉన్ని ముళ్ళేసి తివాచీలా నేసిన గుడ్డ, లేకపోతే సర్జి. వెచ్చగా ఉంటుంది, బాగానే ఉంటుంది. కానీ దుమ్ము పడుతుంది, చిమ్మెటలు కొడతాయి. 1660లలో అక్కడికి ఆసియా నుంచి పేము వచ్చింది. పేము అల్లిన కుర్చీ తేలిక, చవక, దులపక్కర్లేదు, పురుగు పట్టదు. జనం ఎగబడ్డారు.

ఉన్నివాళ్ళ కడుపు మండింది. 1680ల చివర వాళ్ళు పార్లమెంటుకి వెళ్ళి, ఈ పేము కుర్చీల్ని ఆపించండి, మా గుడ్డ అమ్ముడుపోవడం లేదు, వేలమంది నోటికాడ కూడు పోతోంది అని మొత్తుకున్నారు. పేము కుర్చీలవాళ్ళు కూడా ఊరుకోలేదు. మా కుర్చీలు గట్టివి, తేలికైనవి, దుమ్మూ పురుగూ లేనివి, అందుకే జనం కొంటున్నారు అని అచ్చేయించి పంచారు. ఆ వినతి చదువుతుంటే నాకు ఈనాటి ట్యాక్సీ యూనియన్ల గొడవే గుర్తొచ్చింది. పేము కుర్చీల్ని అయితే ఆపలేకపోయారు. కానీ ఉన్నివాళ్ళకి ఒక సంగతి అర్థమైంది, కుర్చీ మీద గుడ్డ గురించి పార్లమెంటుకి వెళ్ళొచ్చని. తర్వాతి దెబ్బ మనమీద పడింది.

బందరు గుడ్డ మీద చట్టం

మాది కృష్ణా జిల్లా, బందరు దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు పెడన మీదుగా బస్సులో వెళ్తుంటే కాలవ గట్టున పొడుగాటి రంగుగుడ్డలు ఆరేసి ఉండేవి. అవి చూసి "దుప్పట్లు" అనుకోవడమే తప్ప, వాటికో చరిత్ర ఉందని బళ్ళో ఎవరూ చెప్పలేదు. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో మచిలీపట్నం వచ్చి కొట్లు తెరిచింది ప్రధానంగా ఈ గుడ్డల కోసమే. మనం చీటిగుడ్డ అంటాం, వాళ్ళు చింట్జ్ అన్నారు. రెండూ ఒకే మాట.

ఐరోపావాళ్ళని కట్టిపడేసింది బొమ్మలు కాదు, రంగు. వాళ్ళ దగ్గర నూలు మీద వేసిన రంగు ఒక్క ఉతుకుతో పోయేది. మన కోరమాండల్ తీరం గుడ్డ ఉతికేకొద్దీ తేరేది. దాని వెనక పెద్ద కెమిస్ట్రీ ఉంది. గుడ్డని కరక్కాయ రసం, గేదెపాలలో నానబెట్టి ఆరేస్తారు. తుప్పుపట్టిన ఇనుముని బెల్లం నీళ్ళలో ఊరవేసి నల్లరంగు తీస్తారు. ఎరుపు కావాల్సిన చోట పటిక పూసి, తర్వాత చిరివేరు వేసి ఉడకబెడితే పటిక ఉన్నచోటే ఎరుపు పట్టుకుంటుంది, మిగతాచోట ఉతికితే పోతుంది. నీలిరంగు అక్కర్లేని భాగానికి మైనం పూసి నీలిమందు తొట్టిలో ముంచుతారు. నెలల తరబడి పని. ప్రతి దశకీ ముందు దశ సరిగ్గా వచ్చి ఉండాలి, మధ్యలో ఒకటి తప్పితే మొత్తం బిల్డు పోయినట్టే.

ఈ గుడ్డ ముందు ఒంటిమీదకి, తర్వాత పరుపుల మీదకి, తెరలకి, కుర్చీలకి పాకింది. 1708లో డానియల్ డీఫో (రాబిన్సన్ క్రూసో రాసినాయనే) తన పత్రికలో, ఈ ఇండియా గుడ్డ ఇళ్ళలోకి దూరి పడగ్గదులూ మెత్తలూ కుర్చీలూ అన్నీ ఆక్రమించేసిందని వాపోయాడు. అప్పటికే ఫ్రాన్సు 1686లో అద్దకపు నూలుగుడ్డలన్నీ నిషేధించేసింది. ఇంగ్లండు 1700లో చట్టం చేసి, అచ్చువేసిన ఇండియా గుడ్డ వాడకాన్ని 1701 నుంచి ఆపింది. తెల్లగుడ్డ మాత్రం తెచ్చుకోవచ్చు. దాంతో జనం తెల్లగుడ్డ తెచ్చి లండన్‌లోనే అచ్చు వేసుకోవడం మొదలెట్టారు. చట్టంలో బగ్గు ఉంటే జనానికి ఫీచరే కదా.

నేతగాళ్ళకి ఒళ్ళు మండిపోయింది. 1719లో లండన్ స్పిటల్‌ఫీల్డ్స్ పట్టు నేతగాళ్ళు వీధుల్లోకొచ్చి, నూలు చీటిగుడ్డ కట్టుకున్న ఆడవాళ్ళ మీద పడి బట్టలు చింపారు, సిరా పోశారు, కొన్నిచోట్ల యాసిడ్ కూడా. వాళ్ళది ఆకలి, నిజమే. కానీ ఆ ఆకలి తీర్చుకున్నది తమలాంటి పేద ఆడవాళ్ళ ఒంటిమీద. పార్లమెంటు దిగొచ్చి 1721లో ఇంకో చట్టం చేసింది. 1722 డిసెంబరు 25 నుంచి అచ్చువేసిన నూలుగుడ్డ కట్టుకోకూడదు. అంతేకాదు... మంచానికి, కుర్చీకి, మెత్తకి, కిటికీ తెరకి కూడా వాడకూడదు. అవును, చట్టంలో "కుర్చీ" అన్న మాట అచ్చంగా ఉంది! కట్టుకున్నవాళ్ళకి అయిదు పౌన్ల జరిమానా, అది కూడా పట్టిచ్చినవాడికే. పక్కింటివాడి మీద నిఘా పెట్టడానికి ఇంతకన్నా మంచి ప్రోత్సాహకం ఉంటుందా?

నిషేధం పెట్టాక ఏమవుతుందో మద్యనిషేధం చూసిన మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. దొంగరవాణా పెరిగింది. ఫ్రాన్సు రాజుగారి ప్రియురాలు మదామ్ ద పాంపదూర్ తన బెల్‌వ్యూ భవనంలో గదుల్ని ఈ దొంగసరుకుతోనే అలంకరించుకుందట. పేదవాడి ఒంటిమీద నేరం, రాణివాసంలో ఫ్యాషను.

ఇంకో కథ చెప్తా. డేవిడ్ గారిక్ అని అప్పట్లో లండన్ నాటకరంగానికి మహారాజు లాంటి నటుడు. కలకత్తాలో నాటకశాల పెట్టుకోవడానికి ఆయన సాయం చేస్తే, అక్కడి ఇంగ్లీషు వర్తకులు కృతజ్ఞతగా ఆయన భార్యకి మన కోరమాండల్ తీరపు చీటిగుడ్డ మంచం తెరలు పంపారు. 1775లో కస్టమ్స్‌వాళ్ళు వాటిని పట్టుకెళ్ళిపోయారు. అంతటి పలుకుబడి ఉన్న మనిషి ఖజానా కార్యదర్శికి బతిమాలుకుంటూ ఉత్తరం రాయాల్సి వచ్చింది. ఇప్పుడు ఆయన మంచమూ, ఆ గుడ్డ తెరలూ లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

ఇక్కడే ఒక చిన్న తిరకాసు గమనించండి. గారిక్ ఇంటిమీద పడిన 1775కి ముందు ఏడాదే, 1774లో, బ్రిటన్‌లో నేసి అచ్చువేసిన నూలుగుడ్డకి అనుమతి ఇచ్చేశారు. అంటే ఆ పాటికి నూలుగుడ్డ నేరం కాదు, మన నూలుగుడ్డ మాత్రమే నేరం. ఈ యాభై ఏళ్ళలో వాళ్ళు ఊరుకోలేదు. 1742లో కోర్డూ అనే ఫ్రెంచి పాదిరీ, మన తీరంలో కొత్తగా క్రైస్తవం పుచ్చుకున్న అద్దకపువాళ్ళని అడిగి అడిగి, కరక్కాయ దగ్గర్నుంచి మైనం దాకా మొత్తం పద్ధతి ఫ్రాన్సుకి ఉత్తరంగా రాసి పంపాడు. (ఈయన తెలుగు నేర్చి తెలుగు-ఫ్రెంచి-సంస్కృత నిఘంటువు కూడా చేశాడు. మెచ్చుకోవాలో తిట్టుకోవాలో తెలీదు.) ఈ రోజుల్లో అయితే దీన్ని సోర్స్ కోడ్ లీకు అంటాం. తర్వాత అక్కడ మరలు వచ్చాయి. 19వ శతాబ్దంలో మాంచెస్టర్ మర అచ్చుగుడ్డ తిరుగుబండిలో మన ఊళ్ళకే వచ్చి పడింది. బందరు అద్దకపువాడిని ఏ స్పిటల్‌ఫీల్డ్స్ గుంపూ కాపాడలేదు, ఏ పార్లమెంటూ చట్టం చెయ్యలేదు.

మా ఆవిడ ఇదంతా విని "అయితే ఇప్పుడు కలంకారీ వేయిస్తారా రిక్లైనర్‌కి?" అంది. ఆగవే బాబూ, ఇంకా రెండొందల ఏళ్ళున్నాయి.

గుర్రం తోక నుంచి రెక్సిన్ దాకా

19వ శతాబ్దంలో కుర్చీలోకి స్ప్రింగులు వచ్చాయి (శామ్యూల్ ప్రాట్ పేటెంటు 1828). స్ప్రింగు వచ్చాక గుడ్డ మీద ఒత్తిడి మారిపోయింది. అంతకు ముందు గుడ్డ ఊరికే పరుచుకుని ఉండేది, ఇప్పుడు లాగి బిగించాలి, కూర్చున్న ప్రతిసారీ సాగి తగ్గాలి. దానికి దొరికిన గట్టి సమాధానం గుర్రపు వెంట్రుకల గుడ్డ. పడుగు నూలు, పేక గుర్రం తోక వెంట్రుకలు. పన్నా ఎంత ఉండాలో గుర్రం తోక పొడవు నిర్ణయిస్తుంది! ఎంత వాడినా చిరగదు, దుమ్ము పట్టదు. కాకపోతే జారుతుంది, గుచ్చుకుంటుంది. ఇంగ్లండులో 1837లో మొదలైన ఒక సంస్థ దీన్ని నేస్తూనే వచ్చింది.

తర్వాత చవకగా చర్మంలాంటిది కావాలన్న తపన. నూలుగుడ్డ మీద నైట్రోసెల్యులోజ్ పూత పూసి, చర్మం గీతల్లా అచ్చు ఒత్తారు. మాంచెస్టర్ దగ్గర హైడ్‌లో తయారైన అలాంటి సరుకు ఒకదాని పేరు రెక్సిన్. బ్రాండు పేరు కాస్తా మనకి జాతి పేరైపోయింది. మా ఊరి సినిమాహాలు బాల్కనీ సీట్లు, నాన్నగారి స్కూటరు సీటు, నా బడిసంచీ... అన్నీ రెక్సినే. వాటిలో చాలావరకు తర్వాతొచ్చిన పీవీసీ పూత సరుకే అయినా మనం పేరు మార్చలేదు. నైట్రోసెల్యులోజ్ అంటే తుపాకీమందుకి దగ్గర చుట్టం. బాగా అంటుకుంటుంది. 1926లో వాల్డో సీమన్ అనే కెమిస్టు గట్టిగా ఉండే పీవీసీని మెత్తబరిచే మార్గం కనిపెట్టాక, ఈ పూత నెమ్మదిగా దానికి మారింది.

గుడ్డ వేస్తేనే రిక్లైనర్

ఇంతకీ ఈ రిక్లైనర్ అనే సరుకు ఇళ్ళలోకి ఎలా వచ్చింది? 1928లో అమెరికా మిషిగన్ రాష్ట్రం మన్రో ఊళ్ళో ఎడ్వర్డ్ నాబుష్, ఎడ్విన్ షూమేకర్ అని ఇద్దరు కజిన్స్ నారింజపళ్ళ పెట్టెల చెక్కతో నమూనా కట్టి, వెనక్కి వాలే కుర్చీ ఒకటి చేశారు. కొయ్య పట్టీల కుర్చీ. వరండాలో వేసుకునేది, గుడ్డ లేదు. పక్కనున్న టోలీడోలో ఒక పెద్ద కొట్టు కొనుగోలుదారుకి చూపిస్తే ఆయన, ఇది ఎండాకాలం సరుకు, దీనికి మెత్తలూ గుడ్డా వేసి తెండి, ఏడాది పొడుగునా ఇంట్లో వాడుకుంటారు అన్నాడట. వేశారు. అదే లేజీబాయ్. అంటే ఆ కుర్చీని ప్రపంచానికి అమ్మింది లోపలి లీవరు కాదు, పైనున్న గుడ్డ. ఇంజనీర్లకి ఈ పాఠం ప్రతి పదేళ్ళకీ ఒకసారి ఎవరో ఒకరు చెప్పాల్సి వస్తుంది.

సిగరెట్టు, నురుగు, ఒక లేబులు

నేను 2008 నుంచి మూడేళ్ళు శాన్ హోజేలో ఉన్నా. అక్కడ కొన్న పాత సోఫా కింద ఒక తెల్ల లేబులు ఉండేది, "కాలిఫోర్నియా టెక్నికల్ బులెటిన్ 117" అని. అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు చదివితే దాని వెనక పెద్ద భాగవతమే ఉంది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత కుర్చీల్లో గుర్రపు వెంట్రుకలూ దూదీ పోయి పాలీయురేథేన్ నురుగు, అంటే మన ఫోము, వచ్చింది. మెత్తన, చవక. కానీ అంటుకుంటే మాత్రం పెట్రోలే. మనుషులు సిగరెట్టు వేళ్ళ మధ్య పెట్టుకుని కుర్చీలో నిద్రపోతే ఇళ్ళు తగలబడ్డాయి. 1975లో కాలిఫోర్నియా, ఫోము చిన్న మంటకి 12 సెకన్లు తట్టుకోవాలని నియమం పెట్టింది. తయారీదారులు ఫోములో మంట తగ్గించే రసాయనాలు కలిపారు. ఒక రాష్ట్రం రూలే అయినా రెండు రకాలు ఎవడు చేస్తాడు? అమెరికాలో చాలా చోట్ల అదే అమ్మారు.

చిక్కేమిటంటే, మంట ముందు తగిలేది ఫోముకి కాదు, పైనున్న గుడ్డకి. గుడ్డ అంటుకున్నాక ఆ పెద్ద మంట ముందు ఫోములోని మందు నిలవదు. ఈలోగా ఆ రసాయనాలు దుమ్ములో కలిసి, మనుషుల రక్తంలోకీ తల్లిపాలలోకీ చేరాయి. ఆర్లీన్ బ్లమ్ అనే కెమిస్టు 1977లోనే పిల్లల రాత్రిబట్టల్లో వాడే ఇలాంటి మందు ప్రమాదకరమని రాసింది. (ఈవిడే 1978లో అన్నపూర్ణ శిఖరానికి ఆడవాళ్ళ బృందాన్ని నడిపించింది.) తర్వాత కుర్చీల ఫోము మీద ఏళ్ళ తరబడి పోరాడింది. ఈ మందులు ఉండాల్సిందేనని వాదించిన "ప్రజా" సంఘం వెనక డబ్బు మందులు తయారుచేసే కంపెనీలదేనని 2012లో షికాగో ట్రిబ్యూన్ బయటపెట్టింది. చివరికి 2013లో నియమం తిరగరాశారు. ఇప్పుడు పరీక్ష పైగుడ్డకి, అది సిగరెట్టు నిప్పుకి రాజుకుంటుందా లేదా అని. 2021లో అదే అమెరికా మొత్తానికీ రూలయింది.

అంటే 38 ఏళ్ళపాటు తప్పు లేయర్‌లో ప్యాచ్ వేశారన్నమాట. మా తాతయ్యకి పడక్కుర్చీ ఉండేది. రెండు కర్రల మధ్య వేలాడే కాన్వాసు గుడ్డ. ఆయన చుట్ట తాగుతూ కునుకు తీసేవాడు. ఆ గుడ్డకి చుట్ట కాల్చిన చిల్లులు నాలుగైదు ఉండేవి. చిల్లు పడేది, అంతే. ఎందుకంటే గుడ్డ కింద ఉన్నది గాలి.

మళ్ళీ మా హాల్లోకి

ఇక మా కుర్చీ పొట్టు సంగతి. లెదరెట్ అంటే గుడ్డ మీద పల్చటి పాలీయురేథేన్ పూత. చవకరకం పూతలో ఎస్టర్ బంధాలుంటాయి. గాలిలో తేమ, ఒంటి చెమట, వేడి కలిసి ఆ బంధాల్ని నెమ్మదిగా తెంపుతాయి. వాడినా వాడకపోయినా తెగుతాయి. మంచిరకం కొనాలంటే 70 డిగ్రీల వేడిలో, 95 శాతం తేమలో వారాల తరబడి పెట్టి పరీక్షించారా అని అడగాలి. మన షోరూముల్లో అలా అడిగితే టీ ఇచ్చి పంపిస్తారు.

గుడ్డలకి ఇంకో కొలత ఉంది, మార్టిండేల్ అని. 1942లో ఉన్ని పరిశోధనవాళ్ళు చేసిన యంత్రం పేరు అది. ఉన్నిగుడ్డతో రుద్దుతూ ఎన్నివేల రుద్దుళ్ళకి పోగు తెగుతుందో చూస్తారు. ఇంట్లో రోజూ వాడే కుర్చీకి ఇరవై ముప్పై వేలు చాలు. భాయ్ పుస్తకంలో వెల్వెట్‌కి లక్ష అని ఉంది. నాకు ఆనందమేసింది. కానీ మా పడమటి హాల్లో మే నెల మధ్యాహ్నం ఆ వెల్వెట్ ముక్క మీద పది నిమిషాలు చెయ్యి పెడితే తడిసిపోయింది. లక్షసార్లు రుద్దితే చిరగకపోవడం గుడ్డ గొప్పతనం, పది నిమిషాలు కూర్చోలేకపోవడం నాన్నగారి బాధ. స్ప్రెడ్‌షీట్‌లో రెండో దానికి కాలమే పెట్టలేదు నేను.

అప్పుడు అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి చెప్పింది. "మీ నాన్నకి ఆపరేషనయ్యాక ఒక్కోసారి ఆగదు రా. లేచి వెళ్ళేలోపే... లెదరైతే నేను తుడిచేస్తా, ఎవరికీ తెలీదు. గుడ్డ వేస్తే పీల్చుకుంటుంది, వాసనొస్తుంది. ఇక ఆయన ఆ కుర్చీలో కూర్చోరు."

నేను నోరెత్తలేదు. రెండు వారాలు రాజుల గౌట్ గురించీ పార్లమెంటు చట్టాల గురించీ చదివా, పక్క గదిలో మనిషి ఎందుకు "మీ ఇష్టం" అంటున్నాడో చదవలేకపోయా. రెండో ఫిలిప్ కుర్చీ చేసినవాడికి తెలిసిన సంగతి నాకు తెలీలేదు. వాలుకుర్చీ అవసరం మొదట వచ్చేది ఒళ్ళు మాట వినని వాడికి.

సాయంత్రం నాన్నగారి పక్కన కూర్చుని, అసలు విషయం ఎత్తకుండా, తాతయ్య పడక్కుర్చీ గుర్తుందా అని అడిగా. మొహం వెలిగింది. "ఎందుకు లేదురా! దానికి రెండు గుడ్డలుండేవి. ఒకటి కుర్చీకి, ఒకటి ఉతుక్కి. కర్ర లాగితే గుడ్డ చేతికొచ్చేసేది. ఆఖర్న తాతయ్య మంచానపడేముందు నాయనమ్మ రోజూ మార్చేది. మాకెవరికీ తెలిసేది కాదు, ఎప్పుడు చూసినా ఉతికిన గుడ్డే." అని ఒక్క క్షణం ఆగి, పేపరు వైపు చూస్తూ, "అలాంటిదేదైనా అయితే బాగుంటుంది" అన్నారు.

అడిగితే చెప్పని మనిషి, ఆ ఒక్క వాక్యంలో మొత్తం చెప్పేశారు.

భాయ్‌కి ఫోన్ చేశా. ఫోము మీద పల్చటి వాటర్‌ప్రూఫ్ షీటు, దానిమీద గట్టి నేత నూలు-పాలియెస్టర్ కలిపిన గుడ్డ. సీటుకీ, వీపుకీ, కాళ్ళపలకకీ విడివిడిగా జిప్పులతో ఊడొచ్చే తొడుగులు, రెండేసి జతలు. "డబుల్ పని సార్, డబుల్ పైసలైతయి" అన్నాడు. కానీ భయ్యా అన్నా. కాళ్ళపలక మడిచేచోట గుడ్డ నలక్కుండా రెండు అంగుళాలు వదులు పెట్టమని వాడే సలహా ఇచ్చాడు. ఆ సంగతి ఏ చరిత్ర పుస్తకంలోనూ లేదు.

తలపెట్టుకునేచోట వెయ్యడానికి పెడన నుంచి రెండు కలంకారీ ముక్కలు తెప్పించా. మర అచ్చు కాదు, చెక్క అచ్చుల అద్దకం. 1722లో అయితే లండన్‌లో ఈ పనికి ఎవడో ఒకడు నన్ను పట్టిచ్చేవాడు. మా ఇంట్లో పట్టిచ్చేవాళ్ళెవరూ లేరు. నిన్న ఉదయం చూస్తే బాల్కనీ తీగ మీద ఒక జత ఆరుతోంది, కుర్చీలో ఇంకో జత మీద నాన్నగారు పేపరు మొహానేసుకుని గుర్రు పెడుతున్నారు. ఎప్పుడు మార్చారో, ఎందుకు మార్చారో నేను అమ్మని అడగలేదు.